దూరం స్టేషన్లు పట్టాలంటే ముందు ఏది కొనాలి?

ప్రశ్న: సార్, నాకు హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్స్ వచ్చి మూడు నెలలైంది. ఇప్పటికి 5 వాట్ల హ్యాండీ (చేతి సెట్) ఒకటే ఉంది, దాంతో రిపీటర్ (సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే స్టేషన్) మీద చుట్టుపక్కల వాళ్లతో మాట్లాడుతున్నా. కానీ నేను ఈ హాబీలోకి వచ్చిందే వేరే ఖండాల వాళ్లతో మాట్లాడాలని. కొంత డబ్బు దాచుకున్నా. 100 వాట్ల హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) రేడియో, దానికో యాంప్లిఫయర్ తీసుకుందామనుకుంటున్నా. యాంటెన్నాకి ప్రస్తుతానికి ఏదో ఒక తీగ కట్టేసి, మంచిది తర్వాత చూసుకుంటా. ఏ మోడల్ కొనమంటారు? మేడ మీద 12 మీటర్ల దాకా చోటు ఉంది, చుట్టూ ఇళ్లే, టవర్ వేసే వీలు లేదు. బీమ్ (ఒకే దిక్కుకి గురిపెట్టే యాంటెన్నా) లేకపోతే డీఎక్స్, అంటే దూరం స్టేషన్లతో మాట్లాడడం, కుదరదని ఒకాయన అన్నాడు, నిజమేనా?

సమాధానం: ముందు లైసెన్స్ వచ్చినందుకు చాలా సంతోషం అండి. మీ ఉత్తరం చదువుతూ చదువుతూ ఒక్క చోట ఆగిపోయాను, "యాంటెన్నాకి ఏదో ఒక తీగ కట్టేసి" అన్నారు చూడండి, అక్కడ. మీరు వేసుకున్న లిస్టు మొత్తం బాగానే ఉంది కానీ వరస తిరగేసి ఉంది. మీ డబ్బులు, మీ ఆదివారాలు ముందు యాంటెన్నా మీద పెట్టండి, తర్వాత కేబుల్, తర్వాత మీ ఇంట్లో ఉన్న నాయిస్ సంగతి, ఆ తర్వాతే రేడియో మోడల్. యాంప్లిఫయర్ని మాత్రం కనీసం ఒక ఏడాది పాటు మర్చిపోండి. ఊరికే చెప్పట్లేదు, లెక్క చూపిస్తా.

100 వాట్ల రేడియోకి యాంప్లిఫయర్ పెట్టి 400 వాట్లు చేశారనుకోండి. నాలుగు రెట్లు అంటే 6 డీబీ (డెసిబెల్, సిగ్నల్ బలంలో తేడాని చెప్పే లెక్క). అవతల వాళ్ల ఎస్-మీటర్ (సిగ్నల్ బలం చూపే మీటర్) మీద 6 డీబీ అంటే ఒక్క గీత, అంతే. ఎస్4 లో వినపడేవాళ్లు ఎస్5 లో వినపడతారు. పైల్అప్‌లో, అంటే ఒకే స్టేషన్‌ని చాలామంది ఒకేసారి పిలిచేటప్పుడు, ఆ ఒక్క గీత పనికొస్తుంది, కాదనను, కానీ యాంప్లిఫయర్ మీకు అవతలి వాళ్లని ఒక్క డీబీ కూడా ఎక్కువ వినిపించదు. అదే మంచి యాంటెన్నా అయితే పంపేటప్పుడూ పనిచేస్తుంది, వినేటప్పుడూ పనిచేస్తుంది. డీఎక్స్ అంటే నూటికి తొంభై పాళ్లు వినడమే అండి, వినపడని స్టేషన్‌తో ఎవరం మాట్లాడలేం కదా.

మీ హ్యాండీతో దూరం ఎందుకు పోలేకపోతున్నారో ఒకసారి చూద్దాం, ఎందుకంటే యాంటెన్నా ఎంత ఎత్తులో కట్టాలో కూడా అక్కడి నుంచే తేలుతుంది. 144 మెగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ మామూలుగా అయనావరణాన్ని (పైన ఎత్తులో విద్యుదావేశం ఉన్న గాలి పొరల్ని) చీల్చుకుని పైకి వెళ్లిపోతుంది, వెనక్కి రాదు. అందుకే 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతరిక్ష కేంద్రం నుంచి వచ్చే మాట హ్యాండీలో వినపడుతుంది కానీ 100 కిలోమీటర్ల అవతలి ఊరు వినపడదు. హెచ్‌ఎఫ్ అలా కాదు. 250 నుంచి 400 కిలోమీటర్ల ఎత్తులో ఉండే ఎఫ్ పొర ఆ సిగ్నల్ని వంచి కిందికి దించుతుంది, ఒక్కో గెంతుకి 3000, 4000 కిలోమీటర్ల దాకా వస్తుంది, మళ్లీ నేల మీదో సముద్రం మీదో తగిలి పైకి లేస్తుంది. గెంతు అంత పొడుగ్గా రావాలంటే సిగ్నల్ మీ యాంటెన్నా నుంచి నెత్తి మీదికి కాకుండా దిగంతం వైపు, తక్కువ కోణంలో బయల్దేరాలి. అది యాంటెన్నా, దాని ఎత్తు తేల్చే సంగతి. ఎంత ఖరీదైన రేడియో కొన్నా ఆ కోణాన్ని మార్చలేదు.

1924 అక్టోబర్ 18న న్యూజిలాండ్‌లో ఫ్రాంక్ బెల్, లండన్‌లో మిల్ హిల్ స్కూల్ విద్యార్థి సెసిల్ గోయ్‌డర్ మోర్స్‌లో ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు, భూగోళానికి దాదాపు రెండు చివర్ల నుంచి. ఇప్పటి వాటర్‌ఫాల్ స్క్రీన్లు (బ్యాండ్‌లో ఉన్న సిగ్నల్స్ అన్నీ బొమ్మలాగా చూపించేవి), డిజిటల్ ఫిల్టర్లు ఏవీ వాళ్ల దగ్గర లేవు. ఇది తల్చుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది, ఇవ్వాళ మనం కొనే చిన్న రేడియో కూడా వాళ్ల సెట్ల కన్నా ఎన్నో రెట్లు మెరుగైంది, ఆ మధ్యలో ఉన్న ఆకాశం మాత్రం అదే.

ఇక బ్యాండ్ సంగతి. మీరు 20 మీటర్ల బ్యాండ్‌తో మొదలుపెట్టండి, అంటే తరంగదైర్ఘ్యం సుమారు 20 మీటర్లు ఉండే 14 మెగాహెర్ట్జ్. ఏడాది పొడుగునా, సూర్యుడు చురుగ్గా ఉన్నా లేకపోయినా రోజులో ఏదో ఒక టైమ్‌లో దూరానికి తెరుచుకునే బ్యాండ్ అది. 15, 10 మీటర్లు పగటి బ్యాండ్లు, తెరుచుకుంటే 10 వాట్లతో కూడా ఖండాలు దాటొచ్చు, కానీ అవి సూర్యుడి మచ్చల మీద ఆధారపడి ఉంటాయి. ఆ చక్రం సుమారు 11 ఏళ్లది, ఇప్పుడు నడుస్తున్న 25వ చక్రం 2019 డిసెంబర్లో మొదలై 2024 ప్రాంతంలో శిఖరానికి చేరింది, ఇక్కణ్ణుంచి నెమ్మదిగా దిగడమే. కాబట్టి 10 మీటర్ల ఒక్కదాని కోసమే పెద్ద యాంటెన్నా మీద డబ్బంతా పెడితే నాలుగైదేళ్లలో అది చాలా రోజులు నిశ్శబ్దంగా ఉంటుంది. 40 మీటర్లు రాత్రి బ్యాండ్. పగలు ఎఫ్ పొరకి కింద ఏర్పడే డి పొర దాన్ని మింగేస్తుంది, చీకటి పడే వేళ, తెల్లవారే వేళ డి పొర ఉండదు కానీ పైన ఎఫ్ పొర ఇంకా బతికే ఉంటుంది, ఆ అరగంట గంటలో అనుకోని స్టేషన్లు పైకి తేలతాయి. డీఎక్స్ చేసేవాళ్లు పొద్దున్నే లేచి రేడియో ముందు కూర్చునేది ఇందుకే.

ఇప్పుడు మీ 12 మీటర్లు. మీరు చోటు తక్కువ అన్నట్టు రాశారు గానీ 20 మీటర్ల హాఫ్ వేవ్ డైపోల్ (మధ్యలో కేబుల్ తగిలించే, సగం తరంగదైర్ఘ్యం తీగ యాంటెన్నా) పొడవెంతో తెలుసా, 143ని 14.15తో భాగించండి, 10.1 మీటర్లు. మీ మేడ మీద నిక్షేపంగా పడుతుంది. మధ్యలో ఒక కర్ర లేదా ఫైబర్‌గ్లాస్ గొట్టం, వీలైనంత ఎత్తు, ఇనుము కాకుండా ఉంటే మంచిది, రెండు చివర్లు కొంచెం కిందికి వాల్చి కట్టేయడం, దీన్నే ఇన్వర్టెడ్ వీ అంటారు. ఎత్తు విషయంలో మాత్రం పట్టుదలగా ఉండండి. డైపోల్ నేల నుంచి సగం తరంగదైర్ఘ్యం ఎత్తులో, అంటే 20 మీటర్ల బ్యాండ్‌కి 10 మీటర్ల పైన ఉంటే సిగ్నల్‌లో ఎక్కువ భాగం 30 డిగ్రీల దగ్గర బయల్దేరుతుంది, దూరానికి పనికొస్తుంది. పిట్టగోడకి రెండు మీటర్ల ఎత్తున కడితే శ్లాబ్‌లో ఉన్న ఇనుప ఊచలు దానికి నేలలాగా పనిచేసి చాలా భాగం నెత్తి మీదికే కొడుతుంది, దగ్గర ఊళ్లు బ్రహ్మాండంగా వినపడతాయి, ఖండాలు వినపడవు. మీరు కట్టేద్దామనుకున్న "ఏదో ఒక తీగ"కి అదే జరిగేది.

ఇంకో మంచి సంగతి, అదే కేబుల్ చివర 15 మీటర్లకి 6.75 మీటర్ల తీగ, 10 మీటర్లకి 5 మీటర్ల పైచిలుకు తీగ కూడా కలిపి వేలాడదీయొచ్చు, విసనకర్రలాగా విప్పి, తీగల మధ్య కాస్త ఎడం ఉండేలా. దాన్ని ఫ్యాన్ డైపోల్ అంటారు, మూడు బ్యాండ్లు, ఒకటే కేబుల్, ట్యూనర్ (యాంటెన్నాని రేడియోకి సరిపోయేలా చేసే పరికరం) అవసరం దాదాపు ఉండదు. నన్నడిగితే మీ మేడకి మొదటి యాంటెన్నా ఇదే. కర్ర ఎత్తు పెట్టడం అసలు కుదరకపోతే అప్పుడు వర్టికల్ చూడండి, 20 మీటర్లకి 5 మీటర్ల నిలువు తీగ, కింద ఎత్తి కట్టిన 5 మీటర్ల రేడియల్స్ (చుట్టూ చాపి కట్టే తీగలు) నాలుగు. చోటు తక్కువ పడుతుంది, కోణం తక్కువగా ఉంటుంది, అన్ని దిక్కులకీ ఒకేలా పోతుంది. కాకపోతే ఇళ్ల మధ్యలో వర్టికల్ నాయిస్‌ని ఎక్కువ లాగుతుంది, రేడియల్స్ లేకుండా ఒట్టి కర్ర నిలబెడితే పవర్ చాలావరకు వేడి అయిపోతుంది. రేడియల్స్ ఎగ్గొట్టి "వర్టికల్ పనిచేయదు" అనేవాళ్లని చాలామందిని చూశాను.

తీగ కోసేటప్పుడు ఒక చిన్న పని మీ చేత చేయించాలని ఉంది. లెక్కలో వచ్చిన 10.1 కి కోయకుండా 10.35 మీటర్లకి కోయండి. పైకెత్తి కట్టండి, నానోవీఎన్ఏ తగిలించండి, అది అరచేతిలో పట్టే చిన్న కొలిచే పరికరం, ఇవ్వాళ కొత్త హ్యామ్ కొనాల్సిన వాటిలో నేను మొదటి రెండింట్లో పెడతాను. స్క్రీన్ మీద గీత ఎక్కడ లోయలాగా దిగిందో చూడండి, 13.82 దగ్గర దిగిందనుకుందాం. అంటే తీగ పొడుగైంది. 10.35ని 13.82తో గుణించి, మీకు కావాల్సిన 14.15తో భాగిస్తే 10.11 వస్తుంది, కాబట్టి మొత్తం 24 సెంటీమీటర్లు, ఒక్కో వైపు 12 తగ్గించాలి. కోసేయకండి, వెనక్కి మడిచి అదే తీగకి దగ్గరగా చుట్టేయండి, మళ్లీ ఎత్తి చూస్తే లోయ 14.15 వైపు జరిగి ఉంటుంది, ఇంకాస్త తేడా ఉంటే ఇంకో మడత. ఆ లోయ మీ చేతి కింద కదలడం చూశారంటే యాంటెన్నా అంటే భయం పోతుంది. ఫ్యాన్ డైపోల్‌లో పొడుగు తీగ ముందు సరిచేసి, పొట్టివి తర్వాత చేయండి, ఒకదాన్ని మారిస్తే ఇంకోటి కొంచెం జరుగుతుంది, ఓపిగ్గా రెండు మూడు సార్లు తిరగాలి.

ఎస్‌డబ్ల్యూఆర్, అంటే యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె, 1.5 వచ్చిందంటే ఆపేయండి. 2 ఉన్నా వెనక్కి వచ్చేది 11 శాతమే. 1.1 కోసం వారాలు వారాలు కుస్తీ పట్టేవాళ్లున్నారు, డమ్మీ లోడ్‌కి (పవర్‌ని వేడిగా మార్చేసే పరీక్ష సాధనం) కూడా 1.0 ఉంటుంది, అది ఎక్కడికీ పంపదు. పైగా నాసిరకం పొడుగు కేబుల్ ఉంటే అది నష్టాన్ని దాచి మీటర్ మీద మంచి నంబర్ చూపిస్తుంది, మోసపోకండి.

కేబుల్ అన్నాను కదా, దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మేడ మీంచి గదిలోకి 30 మీటర్లు అవుతుందనుకోండి. సన్నగా ఉండే ఆర్‌జీ-58 వేస్తే 10 మీటర్ల బ్యాండ్ దగ్గర దాదాపు రెండున్నర డీబీ కేబుల్లోనే పోతుంది, మీ 100 వాట్లలో యాంటెన్నాకి చేరేది 56 చిల్లర. ఆర్‌జీ-213 లాంటి లావు కేబుల్ వేస్తే నష్టం ఒక డీబీ పైచిలుకే, 75 వాట్లకి పైనే చేరతాయి. వినేటప్పుడు కూడా ఇదే నష్టం. యాంప్లిఫయర్ మీద పెట్టే డబ్బులో చిన్న ముక్క ఇక్కడ పెడితే చాలు. కనెక్టర్ సోల్డర్ చేయడం నేర్చుకోండి, బయటి జాయింట్లకి ఒకదాన్నొకటి అంటుకుపోయే రబ్బర్ టేప్ లాగి చుట్టండి, గదిలోకి వచ్చే ముందు కేబుల్ని ఒక వంపు తిప్పి వదలండి, నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. ఒకసారి నా డైపోల్ వానాకాలం అయ్యేసరికి చెవిటిదైపోయింది, రేడియో పాడైందని దాన్ని విప్పి చూడబోయాను, తీరా చూస్తే కోయాక్స్ (అదే, ఈ కేబుల్) అల్లిక లోపల నీళ్లు దిగి రాగి నల్లబడిపోయి ఉంది. టేప్ సరిగ్గా చుట్టి ఉంటే నెల రోజులు కలిసొచ్చేవి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైంది అని నేను నమ్మే సంగతి, నాయిస్. మీరు "చుట్టూ ఇళ్లే" అని రాశారు, కాబట్టి మీకు ఇది తప్పదు. మా ఇంట్లో ఒకప్పుడు 20 మీటర్ల మీద రాత్రీ పగలూ ఎస్7 హోరు ఉండేది, బ్యాండే అలా ఉందనుకుని ఊరుకున్నాను. ఒక రోజు రేడియోని బ్యాటరీకి తగిలించి ఇంటి మెయిన్ స్విచ్ కట్టేశాను. హోరు ఒక్కసారిగా పడిపోయింది, ఎస్2. ఆ నిశ్శబ్దంలో, అదే ఫ్రీక్వెన్సీ మీద, అప్పటిదాకా అక్కడ ఎవరూ లేరనుకున్న చోట ఒక మనిషి గొంతు సన్నగా వినపడుతోంది, సీక్యూ సీక్యూ అని, అంటే ఎవరైనా జవాబివ్వండని. ఎంతసేపటి నుంచి పిలుస్తున్నాడో. తర్వాత ఒక్కొక్క స్విచ్ వేసుకుంటూ వెళ్తే దొరికింది, గోడకి ఎప్పుడూ గుచ్చి ఉండే ఒక చిన్న చార్జర్. దాన్ని తీసి అవతల పెట్టాను, అంతే.

ఎస్7 నుంచి ఎస్2 అంటే ఐదు గీతలు, 30 డీబీ, అంటే వెయ్యి రెట్లు. ఆ చార్జర్ అలాగే ఉంటే అవతలి ఆయన నాకు అంతే స్పష్టంగా వినపడాలంటే 100 వాట్లకి బదులు లక్ష వాట్లు వాడాలి. ఇప్పుడు చెప్పండి, ఏ యాంప్లిఫయర్ దీనికి సమానం?

కాబట్టి రేడియో రాగానే మీరు చేయాల్సిన మొదటి పని ఇదే, బ్యాటరీ పెట్టి మెయిన్ కట్టేసి వినడం. ఎల్ఈడీ లైట్ల డ్రైవర్లు, చార్జర్లు, సోలార్ ఇన్వర్టర్లు, కొన్ని టీవీలు, దొంగలు చాలావరకు వీటిల్లోనే ఉంటారు. పక్కింటి నుంచి వస్తుంటే చిన్న ఏఎం రేడియో పట్టుకుని తిరిగితే ఎక్కడ పెరుగుతోందో తెలుస్తుంది, అప్పుడు నెమ్మదిగా వెళ్లి మాట్లాడండి, మార్చాల్సిన వస్తువు మీరే కొనిస్తానంటే చాలామంది కాదనరు. యాంటెన్నా దగ్గర, గదిలోకి వచ్చే చోట, కోయాక్స్‌ని 31 రకం ఫెరైట్ రింగు మీద పది పన్నెండు చుట్లు తిప్పి చోక్ చేసుకోండి, లేకపోతే కేబుల్ పైతొడుగే యాంటెన్నాలాగా ఇంట్లోని హోరునంతా తీసుకొచ్చి రేడియోలో పోస్తుంది. డైపోల్ దగ్గర ఇది మర్చిపోవద్దు.

ఇక రేడియో, మీరు అసలు అడిగింది. 100 వాట్ల మామూలు బేస్ రేడియో తీసుకోండి, అన్నిటికన్నా పైరకం అక్కర్లేదు. చూసుకోవాల్సినవి ఇవి: బలమైన స్టేషన్ పక్కనే బలహీనమైనదాన్ని వినగలిగేంత మంచి రిసీవర్, సన్నగా చేసుకోగలిగే ఫిల్టర్లు, రెండు వీఎఫ్‌ఓలతో (ఫ్రీక్వెన్సీ తిప్పుకునే ఏర్పాట్లు) స్ప్లిట్, అంటే ఒకచోట వింటూ ఇంకోచోట పంపడం, బ్యాండ్ మొత్తం కళ్ల ముందు కనపడే వాటర్‌ఫాల్, కంప్యూటర్‌కి ఒకే యూఎస్‌బీ కేబుల్. ఐకామ్ ఐసీ-7300 2016 నుంచీ ఇంతమంది ఇళ్లలో ఎందుకుందంటే ఇవన్నీ ఒకే పెట్టెలో ఇచ్చింది కాబట్టి, లోపలే ట్యూనర్ కూడా ఉంది. యేసు ఎఫ్‌టీ-710 కూడా అదే కోవలోది, రెండింట్లో ఏది దొరికినా కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ఎఫ్‌టీ-891 చిన్నది, గట్టిది, 100 వాట్లు ఇస్తుంది, కాకపోతే లోపల ట్యూనర్ లేదు, సౌండ్ కార్డ్ లేదు, ఫ్యాన్ డైపోల్ సరిగ్గా కట్టుకున్నవాళ్లకి ట్యూనర్ లేకపోవడం పెద్ద లోటు కాదు. డబ్బు బాగా తక్కువైతే షేగు జీ90 ఉంది, 20 వాట్లదే గానీ లోపలి ట్యూనర్ చాలా దూరం లాగుతుంది, 100 వాట్లకీ దీనికీ తేడా 7 డీబీ, అంటే ఎస్-మీటర్ మీద ఒక గీతకి కాస్త ఎక్కువ. నిజంగా చెప్తున్నా, ఎత్తులో కట్టిన డైపోల్‌తో జీ90, పిట్టగోడ మీది తీగతో యాంప్లిఫయర్, ఈ రెండింట్లో నేను మొదటిదే ఎంచుకుంటాను.

సెకండ్ హ్యాండ్ కూడా ఆలోచించండి, పదిహేనేళ్ల కిందటి మంచి రేడియోలు ఇప్పటికీ బాగా వింటాయి. కొనేముందు డమ్మీ లోడ్ పెట్టి ప్రతి బ్యాండ్ మీదా పవర్ వస్తుందో లేదో చూడండి, ఒక్క బ్యాండ్ మీద తగ్గినా వదిలేయండి, అన్ని నాబ్‌లూ తిప్పండి, అరగంట ఆన్‌లో ఉంచి ఫ్రీక్వెన్సీ జరుగుతుందేమో వినండి. పవర్ సప్లై 13.8 వోల్టులు, 30 ఆంపియర్లది తీసుకోండి, 100 వాట్ల రేడియో మాట్లాడేటప్పుడు 20 ఆంపియర్లకి అటూ ఇటూ లాగుతుంది. అది చవక స్విచింగ్ రకం అయితే అదే ఇంకో నాయిస్ దొంగ అవుతుంది, చూసి తీసుకోండి. బరువైనా పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్ సప్లై ప్రశాంతంగా ఉంటుంది.

బీమ్ గురించి మీకు చెప్పిన పెద్దాయన మాట సగం నిజం. 1926లో యాగి, ఉడా బయటపెట్టిన ఆ డిజైన్ గొప్పదే, ఒక దిక్కుకి పవర్ కూడదీసి పంపుతుంది, వెనకవైపు నుంచి వచ్చే హోరుని తగ్గిస్తుంది, టవర్ ఉన్నవాళ్లకి అంతకన్నా ఏం కావాలి. కానీ డీఎక్స్‌సీసీ (ఎన్ని దేశాలతో మాట్లాడామో లెక్కపెట్టే హ్యామ్ అవార్డు) లెక్కలో ఇప్పుడున్న 340 దేశాలు, ప్రాంతాల్లో 100 కన్ఫర్మ్ అయితే మొదటి సర్టిఫికెట్ వస్తుంది, ఆ 100 ఒక్క తీగ డైపోల్‌తో దాటినవాళ్లు ఎంతోమంది. బీమ్ లేదని మొదలుపెట్టకుండా కూర్చోవడం మాత్రం వద్దు. తర్వాతెప్పుడైనా కావాలనిపిస్తే హెక్స్‌బీమ్ (ఆరు చేతుల మీద తీగలు కట్టిన బీమ్) చూడండి, 20 మీటర్లదైనా అడ్డంగా ఆరున్నర ఏడు మీటర్ల లోపే, తేలిక, టవర్ అక్కర్లేదు.

మోడ్ సంగతి కొంచెం. మీకు గొంతుతో మాట్లాడాలని ఉంది, అది ఎస్‌ఎస్‌బీ, దానికి పెద్దగా 2400 హెర్ట్జ్ వెడల్పు కావాలి, అంత వెడల్పు నాయిస్ కూడా వస్తుంది. సీడబ్ల్యూ, అదే మోర్స్, అయితే 250 హెర్ట్జ్ ఫిల్టర్ పెట్టొచ్చు, నాయిస్ దాదాపు పదోవంతు అవుతుంది, అందుకే మోర్స్ నేర్చుకున్నవాళ్లు చిన్న యాంటెన్నాలతో అంత దూరం పోతారు, రోజుకి పావుగంట చొప్పున నేర్చుకోండి, తొందరేం లేదు. ఎఫ్‌టీ8 అనే కంప్యూటర్ మోడ్‌ని 2017లో జో టేలర్, స్టీవ్ ఫ్రాంకీ తెచ్చారు, టేలర్ 1993లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త. చెవికి అసలు వినపడని సిగ్నల్ని, నాయిస్ కన్నా 20 డీబీ కింద ఉన్నా, 15 సెకన్ల ముక్కలుగా పట్టుకుని చదువుతుంది. 25 వాట్లు చాలు, కంప్యూటర్ గడియారం సెకనుకి సరిగ్గా ఉండాలి. అందులో ముచ్చట్లు ఉండవు, ఎవరు ఎలా వినపడుతున్నారో అంతే. అయినా మీరు యాంటెన్నా కట్టిన రోజు సాయంత్రం ఎఫ్‌టీ8లో రెండు నిమిషాలు పిలిచి, పీఎస్‌కే రిపోర్టర్ వెబ్‌సైట్‌లో మ్యాప్ తెరిచి చూడండి, మీ తీగ ఎక్కడెక్కడ వినపడిందో చుక్కలు పడతాయి. యాంటెన్నాని పరీక్షించడానికి ఇంతకన్నా మంచి సాధనం నాకు దొరకలేదు.

ఎస్‌ఎస్‌బీలో అరుదైన స్టేషన్ దొరికితే వెంటనే పిలవకండి, ముందు ఆయన ఎక్కడ వింటున్నాడో వినండి. "అప్ ఫైవ్" అంటే 5 కిలోహెర్ట్జ్ పైన పిలవమని, దానికే స్ప్లిట్ కావాలన్నాను. ఆయన ఫ్రీక్వెన్సీ మీదే పిలిస్తే వందల మందికి ఆయన వినపడకుండా పోతాడు.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తాను, కరెంటు తీగల దగ్గర యాంటెన్నా కట్టకండి. కర్ర విరిగి ఏ వైపు పడినా, తీగ తెగి ఎగిరినా కరెంటు తీగకి తగలనంత దూరంలో ఉండాలి, ఒంటరిగా ఎక్కి కట్టొద్దు. 100 వాట్లకి డైపోల్ చివర్లలో చాలా వోల్టేజ్ ఉంటుంది, పిల్లలకి అందని ఎత్తులో ఉంచండి. ఉరుములు వినపడితే కేబుల్ పీకి బయట పెట్టేయండి, అసలు వాడనప్పుడు పీకి ఉంచడమే అలవాటు చేసుకోండి.

ఇంత చెప్పాక కూడా యాంప్లిఫయర్ మీద మనసు పోతుంటే మీకో పరీక్ష ఇస్తాను. రేడియో తెచ్చి డైపోల్ తగిలించాక, మైక్ ముట్టుకోకుండా 14.100 మెగాహెర్ట్జ్‌కి తిప్పి సీడబ్ల్యూలో పెట్టండి. ప్రపంచమంతా ఒకే వరసలో పనిచేసేలా పెట్టిన 18 బీకన్లు (తమంతట తామే సిగ్నల్ పంపే స్టేషన్లు) ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని పంచుకుంటాయి, ఒక్కోటి 10 సెకన్లు, మూడు నిమిషాలకి ఒక చుట్టు. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి దగ్గర నుంచి ఒకటి, హవాయి నుంచి, న్యూజిలాండ్ నుంచి, జపాన్ నుంచి, ఫిన్లాండ్ నుంచి, అర్జెంటీనా నుంచి. ముందు కాల్‌సైన్ మోర్స్‌లో వస్తుంది, ఆ వెంటనే నాలుగు పొడుగు డ్యాష్‌లు. మొదటిది 100 వాట్లతో, రెండోది 10 వాట్లతో, మూడోది 1 వాట్, నాలుగోది వాట్‌లో పదోవంతు. మోర్స్ రాకపోయినా పర్లేదు, ఏ సెకన్‌కి ఏ స్టేషన్ వస్తుందో టైమ్ టేబుల్ ఉంటుంది, గడియారం చూస్తే చాలు. కళ్లు మూసుకుని వినండి, ఒక డ్యాష్, రెండో డ్యాష్ సన్నబడుతుంది, మూడోది హోరులో దారం పోగులాగా ఉంటుంది, ఉందా లేదా అని ఊపిరి బిగబట్టి వెతుకుతారు. ఆ మూడోది వినపడిందంటే అక్కడి నుంచి 1 వాట్ మీ మేడ మీది తీగ దాకా వచ్చినట్టు.

పొద్దున, మధ్యాహ్నం, చీకటి పడే వేళ, రోజుకి మూడు సార్లు, ఒక వారం పాటు వినండి. ఒక నోటుబుక్కులో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) టైమ్, స్టేషన్, వినపడిన డ్యాష్‌ల సంఖ్య రాయండి. పక్కనే మెయిన్ కట్టేసినప్పుడు నాయిస్ ఎస్ ఎంతో, వేసినప్పుడు ఎంతో అది కూడా రాయండి. ఆ కాగితం నాకు పంపండి, అది చూసుకుని యాంప్లిఫయర్ సంగతి మాట్లాడుకుందాం.